బత్తెం ఆగిపోయిన రాయబారి: అబ్దుర్ రజాక్ చెప్పిన విజయనగరాన్ని ఎలా చదవాలి?

1443 వేసవి. విజయనగరంలో నలభై స్తంభాల సభ. ఆకుపచ్చ పట్టు వస్త్రం, మెడలో ముత్యాల హారంతో రాజు కూర్చుని ఉన్నాడు. ఆయన ఎదుట, ఇంకా ముప్ఫై నిండని ఒక పరదేశి. హెరాత్ చలికి సరిపోయే దుస్తులు ఒకదాని మీద ఒకటి తొడుక్కుని, తుంగభద్ర ఒడ్డున ఎండాకాలంలో నిలబడ్డాడు. చెమటతో తడిసి ముద్దయ్యాడు. చూసి రాజుకు జాలేసింది. తన చేతిలోని విసనకర్ర అతనికిచ్చేశాడు.

ఆ రాజు రెండవ దేవరాయలు, మన ప్రౌఢ దేవరాయలు. తెలుగువాళ్ళకు ఆ పేరు వినగానే శ్రీనాథుడి కనకాభిషేకం గుర్తొస్తుంది. ఆ పరదేశి కమాలుద్దీన్ అబ్దుర్ రజాక్ సమర్‌ఖందీ. మన స్కూలు పుస్తకాల్లో 'అబ్దుల్ రజాక్ అనే పారశీక యాత్రికుడు'గా ఒక్క వాక్యంలో వచ్చిపోయే మనిషి. 'ఇలాంటి నగరాన్ని కన్ను చూడలేదు, చెవి వినలేదు' అన్న అర్థంలో ఆయన రాసిన మాటను బట్టీపట్టని హిస్టరీ విద్యార్థి ఉండడు.

చిక్కంతా ఆ 'యాత్రికుడు' అన్న మాటతోనే. అబ్దుర్ రజాక్ ఊళ్ళు చూడ్డానికి రాలేదు. ఆయన రాయబారి. ఒక పెద్ద ప్రభువు పనిమీద వచ్చాడు, ఆ పని చెడింది. అనుకోకుండా ఇంకో కొలువులో తేలాడు, అక్కడ మర్యాద దొరికింది, కొన్నాళ్ళకు ఆ మర్యాదా పోయింది. ఇల్లు చేరి, చాలా ఏళ్ళ తర్వాత, తన ప్రభువు వంశ చరిత్ర రాస్తూ అందులో ఈ ప్రయాణాన్ని చేర్చాడు. ఆయన పొగడ్తలు ఒక్కటే ఏరుకుని చదివితే విజయనగరం స్వర్గంలా ఉంటుంది. ఫిర్యాదులు కూడా కలిపి చదివితేనే అది మనుషులు బతికిన ఊరిలా కనిపిస్తుంది.

అబ్దుర్ రజాక్ 1413లో హెరాత్‌లో పుట్టాడు. ఇప్పుడది అఫ్ఘానిస్తాన్‌లో ఉంది. అప్పట్లో తైమూర్ కొడుకు షారుఖ్ రాజధాని. తండ్రి షారుఖ్ శిబిరంలో ఖాజీ, ఇమామ్. 1437లో తండ్రి పోయాక, కొడుకు ఒక అరబీ వ్యాకరణ గ్రంథానికి వ్యాఖ్య రాసి షారుఖ్‌కు అంకితమిచ్చాడు. అదే ఆయన ఉద్యోగ దరఖాస్తు. కొలువులో చోటు దొరికింది. ఆయనకు యుద్ధాలు తెలియవు, వ్యాపారం తెలియదు. సముద్రం మొహం కూడా చూసి ఉండడు. తెలిసిందల్లా మాటలు పేర్చడం. రాయబారానికి అది చాలనుకున్నారు కాబోలు.

అసలు పంపింది విజయనగరానికి కాదు, కాలికట్‌కు. దాని వెనకో చిన్న కథ ఉంది. బెంగాల్ నుంచి తిరిగొస్తున్న షారుఖ్ దూతలు దారిలో కాలికట్‌లో ఆగారు. వాళ్ళ మాటల్లో షారుఖ్ వైభవం విన్న అక్కడి రాజు సామూతిరి తనూ ఒక దూతను కానుకలతో హెరాత్‌కు పంపాడు. ఆ వెళ్ళినవాడు పారశీ మాట్లాడే ముస్లిం. ప్రభువుల వారు గనక ఎవరినైనా పంపి మా రాజును ఇస్లాంలోకి ఆహ్వానిస్తే మంచి ఫలితం ఉంటుందని కొలువులో ఊరించాడు. సామూతిరికి నిజంగా ఆ ఉద్దేశం ఉందా, మధ్యలో ఈ పెద్దమనిషి సొంత పైత్యమా అన్నది తర్వాత జరిగింది చూస్తే మీకే తెలుస్తుంది. మొత్తానికి షారుఖ్ నమ్మాడు. 1442 జనవరిలో అబ్దుర్ రజాక్ హెరాత్ నుంచి బయల్దేరాడు.

కిర్మాన్ మీదుగా హొర్ముజ్ రేవు చేరేదాకా బాగానే ఉంది. అక్కడ ఆలస్యమై, గాలి అనుకూలంగా ఉండే రోజులు గడిచిపోయాయి. ఈ సమయంలో ఓడెక్కేవాడి చావుకు వాడే బాధ్యుడని వర్తకులు మొహం మీదే చెప్పారట. అయినా ఎక్కించారు. ఓడ వాసన ముక్కుకు తగిలి, సముద్రం కంటపడేసరికి మన రాయబారి స్పృహ తప్పి పడిపోయాడు. మూడు రోజుల పాటు ఊపిరి ఆడుతోంది కాబట్టి బతికున్నాడని తెలిసిందట. ఇదెవరో ఎగతాళిగా రాసింది కాదు, తన గురించి తానే రాసుకున్నాడు. తైమూరు వంశపు కొలువులో ఒక ఉద్యోగి తన పిరికితనాన్ని ఇంత విడమరిచి చెప్పుకోవడం చూస్తే ముచ్చటేస్తుంది.

మస్కట్ తీరంలో ఎండలకు చిక్కాడు. ఎముకల్లో మూలుగ ఉడికిందనీ, ఒరలో కత్తి మైనంలా కరిగిందనీ అంటాడు. కత్తి సంగతి కవిత్వం, ఎండ సంగతి నిజం. జబ్బుపడ్డాడు. వెంట వచ్చిన సోదరుడు ఒమన్ తీరంలోనే కన్నుమూశాడు. తర్వాత మళ్ళీ ఓడ, పద్దెనిమిది రోజుల సముద్రం. 1442 నవంబరులో కాలికట్‌లో దిగాడు.

కాలికట్ రేవును ఆయన మెచ్చుకున్న తీరు గమనించండి. వర్తకులు సరుకు తెచ్చి ఒడ్డున పడేసి ఎటైనా వెళ్ళొచ్చట, సుంకం అధికారులే కాపలా కాస్తారట. అమ్ముడైతే నలభైలో ఒక వంతు సుంకం. అమ్ముడుపోకపోతే ఒక్క కాసూ లేదు. దారితప్పిన ఓడ ఇంకే రేవుకు కొట్టుకొచ్చినా దేవుడిచ్చిన సొమ్మని దోచుకుంటారు, ఇక్కడ మాత్రం ఏ ఓడైనా ఒకటే. నమ్మదగిన సమాచారమంటే ఇదీ. షారుఖ్‌ను సంతోషపెట్టడానికి దీన్ని కల్పించాల్సిన అవసరం లేదు. పైగా ఆ ఊరంటే రాసినవాడికి బొత్తిగా ఇష్టం లేదు. ఇష్టం లేనివాడి మెప్పు ఎప్పుడూ బరువైనదే.

ఎందుకు ఇష్టం లేదంటే, కొలువులో పని జరగలేదు. పైబట్ట లేని మనుషుల మధ్య, తనూ అలాగే ఉన్న సామూతిరి ముందు, షారుఖ్ పంపిన గుర్రం, జరీ అంగీ, టోపీ పెట్టాడు. సామూతిరి పెద్దగా పట్టించుకోలేదు. మతం మాట ముందుకు సాగలేదు. అలా 1443 ఏప్రిల్ దాకా నెలల తరబడి ఉసూరుమంటూ గడిపాడు.

ఇక్కడో కల వస్తుంది. దిగులుగా పడుకున్న ఒక రాత్రి షారుఖ్ కలలోకి వచ్చి, ఇక బాధపడకు అన్నాడట. మర్నాడు ఆ కలను తలుచుకుంటూ ఉండగానే విజయనగరం నుంచి మనిషి వచ్చాడు, మీ దగ్గరున్న ఆ రాయబారిని మా దగ్గరికి పంపమని సామూతిరికి కబురు తెచ్చాడు. సామూతిరి విజయనగరానికి లోబడినవాడు కాకపోయినా ఆ రాజంటే భయపడేవాడని అబ్దుర్ రజాక్ రాశాడు. నిజంగానే కల వచ్చిందేమో, మనమెవరం కాదనడానికి? కానీ కొలువు మనిషి కోణంలో చూడండి. పంపిన చోట పని చెడింది, చెప్పని చోటికి వెళ్ళాడు. ప్రభువు అడిగితే ఏం చెప్పుకోవాలి? 'మీరే కలలో కనిపించి దారి చూపారు' అనేంత పకడ్బందీ జవాబు ఇంకొకటి లేదు.

మంగళూరు దాకా సముద్రం మీద, అక్కణ్ణుంచి కొండలు అడవులు దాటుతూ, దారిలో గుళ్ళు చూసి నోరెళ్ళబెడుతూ 1443 ఏప్రిల్ చివర్లో విజయనగరం చేరాడు. విగ్రహారాధన అంటే గిట్టని మనిషి. అయినా మంగళూరు దగ్గర లోహంతో పోతపోసిన గుడిలోని విగ్రహాన్ని, దాని కెంపుల కళ్ళు చూసేవాడి వైపే చూస్తున్నట్టుండటాన్ని ఎంతో శ్రద్ధగా వర్ణించాడు.

ఇక నగరం. ఒకదానిలో ఒకటిగా ఏడు ప్రాకారాలు. మొదటి గోడ బయట నిలువెత్తు బండరాళ్ళను సగం భూమిలోకి దించి దగ్గరదగ్గరగా పాతారు, గుర్రమో కాలిబంటో సులువుగా దూసుకురాకుండా. ఉత్తర ద్వారానికీ దక్షిణ ద్వారానికీ మధ్య రెండు ఫర్సఖ్‌లు, అంటే పన్నెండు కిలోమీటర్లు అటూఇటుగా. మొదటి మూడు గోడల మధ్య పొలాలు, తోటలు, ఇళ్ళు. మూడో గోడ నుంచి ఏడో గోడ దాకా జనం, అంగళ్ళు కిక్కిరిసి ఉంటారు. ఇదంతా తన పాఠకులకు అర్థం కావడానికి హెరాత్ ఊళ్ళోని గుర్తులతో పోల్చి చెప్పాడు. ఇప్పుడు హొసపేట వైపు నుంచి హంపీకి వెళ్ళేవాళ్ళకు దారి పొడుగునా చెరువులు, కాలువలు, పొలాలు, మధ్యమధ్యలో గోడల ముక్కలు కనిపిస్తాయి. కోటలోపల పొలాలేమిటి అనుకునేవాళ్ళకు జవాబు అక్కడే ఉంది. ముట్టడి వస్తే లోపలే తిండి పండాలి.

రాజమందిరం దగ్గర బజార్లలో గులాబీలు గుట్టలుగా పోసి అమ్మేవారట. ఈ జనానికి తిండి ఎంతో గులాబీలూ అంతే, అవి లేకుండా బతకలేరు అంటాడు. రత్నాల వర్తకులు కెంపులు, ముత్యాలు, వజ్రాలు బాహాటంగా పెట్టుకుని అమ్మేవారు. చెక్కిన రాళ్ళతో కట్టిన కాలువల్లో నీళ్ళు పారుతుండేవి. స్కూలు పుస్తకాలు ఇంతవరకు వచ్చి ఆగిపోతాయి. నాకు అసలు రుచించేది దీని తర్వాతి భాగం, కచేరీ వర్ణన.

రాజమందిరానికి కుడిపక్కన దివాణం, దాని ముందు దఫ్తరం, అందులో కూర్చున్న రాయసగాళ్ళు. వాళ్ళ రాత రెండు రకాలు. ఒకటి, రెండు గజాల పొడుగు, రెండు వేళ్ళ వెడల్పున్న ఆకు మీద ఇనప ములికితో గీసే రాత. దానికి రంగుండదు, ఎక్కువ కాలం నిలవదు అంటాడు. రెండోది, తెల్లటి దాన్ని నల్లగా చేసి మెత్తటి రాయిని కలంలా చెక్కి దాంతో రాసేది. నలుపు మీద తెలుపుగా కనిపిస్తుంది, చాలాకాలం ఉంటుంది, దీనికే విలువ ఎక్కువ. మనకు వివరించనక్కర్లేదు. మొదటిది గంటంతో తాటాకు, రెండోది బలపంతో కడితం. మా తాతల తరం కరణాల ఇళ్ళలో కడితాలు ఉండేవని విన్నవాళ్ళు ఇప్పటికీ ఉంటారు. పేరు తెలియని వస్తువును ఒక పరాయి మనిషి చూసింది చూసినట్టు చెబితే, అయిదు వందల ఎనభై ఏళ్ళ తర్వాత కూడా మనం గుర్తుపట్టగలుగుతున్నాం. ఆయన కళ్ళ మీద నమ్మకం కుదిరేది ఇలాంటి చోటే.

నాణేల సంగతీ అంతే. బంగారు వరహా, అందులో సగం ప్రతాప, ప్రతాపలో పదోవంతు పణం. పణంలో ఆరో వంతు వెండి తార, తారలో మూడో వంతు రాగి జీతల్. అన్నిటికన్నా వాడుకలో ఉన్నది పణమేనని ప్రత్యేకంగా చెప్పాడు. చెప్పడా మరి, ఆయన చేతికి వచ్చింది ఆ పణాలే.

వచ్చిన మొదట్లో మర్యాదలకు లోటు లేదు. అయిదు మంచి గుర్రాలు, రెండు పళ్ళేల్లో తొమ్మిదేసి చొప్పున పట్టు బట్టలు రాజుకు సమర్పించాడు. తొమ్మిది లెక్క తురుష్కుల కొలువుల ఆచారం. రాజు చెయ్యి పట్టి దగ్గర కూర్చోబెట్టుకుని, అంత పెద్ద ప్రభువు తనకు రాయబారిని పంపినందుకు సంతోషమన్నాడు. పంపింది ఆయనకు కాదని ఇద్దరికీ తెలుసు. ఆ మాట ఇద్దరూ ఎత్తలేదు. వెళ్ళేటప్పుడు తాంబూలం, 500 పణాలున్న సంచి, 20 మిస్కాళ్ళ కర్పూరం ఇచ్చి పంపారు. బసకు రోజూ రెండు గొర్రెలు, నాలుగు జతల కోళ్ళు, అయిదు మణుగుల బియ్యం, మణుగు వెన్న, మణుగు చక్కెర, రెండు వరహాలు. అదీ బత్తెం. వారానికి రెండుసార్లు సాయంత్రం పూట పిలుపు వచ్చేది. షారుఖ్ గురించి, అక్కడి అమీర్ల గురించి, గుర్రాల గురించి, ఊళ్ళ గురించి రాజు అడుగుతుండేవాడు. గుర్రాలు సముద్రం దాటి రావాల్సిన దేశానికి రాజు మరి. హొర్ముజ్ వైపు నుంచి వచ్చిన ప్రతి మనిషీ ఆయనకు పనికొచ్చేవాడే.

ఒకసారి రాజు అన్న మాట ఈ పుస్తకం మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చింది. మీ రాజులు రాయబారిని పిలిచి తమతో పాటు భోజనానికి కూర్చోబెట్టుకుంటారు. మనం కలిసి తినకూడదు కదా, అందుకని ఈ సంచీయే మేం పెట్టే విందు అనుకో అన్నాడట. పంక్తి కుదరని ఇద్దరి మధ్య తాంబూలం, పణాలు ఆ పని చేశాయి. నొప్పించకుండా గీత గీయడమంటే అదే.

తాంబూలం మీద అబ్దుర్ రజాక్ చిన్న వ్యాసమే రాశాడు. ఆకు ఎలా ఉంటుంది, వక్క, సున్నం ఎలా కలుపుతారు, మొహానికి ఎంత కళ వస్తుంది, ఎంత హుషారు పుడుతుంది... అన్నీ చెప్పి, ఈ రాజుకు ఏడు వందల మంది రాణులు, ఉంపుడుగత్తెలు ఉన్నారంటారు, అది ఈ ఆకు మహిమే కావచ్చు అని ముక్తాయించాడు. ఈ ఏడు వందల అంకెను నిజమని పట్టుకుని వాదించేవాళ్ళూ ఉన్నారు. అంతఃపురంలోకి పరాయి మగవాడు వెళ్ళి లెక్కపెట్టలేదు కదా. ఆ మాట ఎవరో చెబితే విన్నది.

ఇక్కడే ఆయన అంకెలన్నిటినీ రెండు కుప్పలు పోసుకోవాలి. చేతిలో పట్టుకున్నవి, కళ్ళతో చూసినవి, తన సంచిలో పడినవి ఒక కుప్ప. నాణేల వాటాలు, సుంకం, బత్తెం, ప్రాకారాల అమరిక ఇందులోకి వస్తాయి. సభలో విన్నవి రెండో కుప్ప. పదకొండు లక్షల సైన్యం, ఒక్కొక్కటి కాలికట్ అంతటి మూడు వందల రేవులు, ఏడు వందల మంది అంతఃపుర స్త్రీలు ఇందులో వేయాలి. ఏ కొలువైనా పరదేశి రాయబారికి పెద్ద అంకెలే చెబుతుంది, ఊరికెళ్ళి అవే చెప్పాలని దాని కోరిక. మధ్యలో కొన్ని ఉంటాయి. నగర కాపలాకు 12 వేల మంది భటులనీ, వాళ్ళ జీతం రోజుకు 12 వేల పణాలు వేశ్యావాటికల మీద పన్ను నుంచే వస్తుందనీ చెప్పాడు. అంకె సాపుగా ఉందంటే ఎవరో నోటితో చెప్పిందే. కానీ ఆ పన్నుతో భటుల జీతాలిచ్చే పద్ధతి మాత్రం కట్టుకథలా లేదు.

చూసింది కూడా ఒక్కోసారి తేడాగా చూశాడు. రాజు నూనూగు మీసాల కుర్రాడిలా ఉన్నాడని రాశాడు. అప్పటికి దేవరాయలు గద్దెనెక్కి రెండు దశాబ్దాలు. మరీ కుర్రాడయ్యే వీల్లేదు. దివాణంలో తీర్పులు చెప్పే పెద్ద మంత్రిని 'దనాయిక్' అన్నాడు. అది మన దండనాయకుడే. ఆయన నపుంసకుడని కూడా రాశాడు. తనకు తెలిసిన కొలువుల్లో అంతఃపురానికి అంత దగ్గరగా తిరిగేవాళ్ళు నపుంసకులే కాబట్టి ఇక్కడా అంతే అనుకుని ఉండొచ్చు. ఆ దండనాయకుడు సింహళం వైపు సముద్రయానానికి వెళ్ళాడన్న మాట మాత్రం గట్టిది. లక్కన్న దండనాయకుడికి శాసనాల్లో 'దక్షిణ సముద్రాధిపతి' బిరుదు కనిపిస్తుంది. చాలామంది చరిత్రకారులు ఈ దనాయిక్ ఆయనే అంటారు.

రాజు మీద జరిగిన హత్యాయత్నం కథ మరీ చిక్కుది. అబ్దుర్ రజాక్ కాలికట్‌లో ఉండగా ఇక్కడ రాజు తమ్ముడో అన్నో కొత్త ఇల్లు కట్టి విందుకు పెద్దలందర్నీ పిలిచాడట. డప్పులు, బాకాల మోతలో ఒక్కొక్కర్నే లోపలికి తీసుకెళ్ళి చంపించాడు. తర్వాత రాజు దగ్గరికెళ్ళి పొడిచాడు. రాజు సింహాసనం వెనక్కి పడిపోయాడు. చచ్చాడనుకుని ద్రోహి తనే రాజునని చాటుకున్నాడు. ఇంతలో గాయపడ్డ రాజు లేచి జనానికి కనిపించాడు. ద్రోహిని అక్కడికక్కడే చంపేశారు. దాదాపు వందేళ్ళ తర్వాత ఫెర్నావ్ నూనిజ్ అనే పోర్చుగీసు వర్తకుడు ఇలాంటి కథే రాశాడు. అందులో ద్రోహి మేనల్లుడు, రాజు కూడా వేరు. అబ్దుర్ రజాక్ నెలల వ్యవధిలో, ఆ ఊళ్ళోనే విన్నాడు కాబట్టి ఏదో రక్తపాతం జరిగిందన్నంత వరకు ఆయన్ను నమ్మొచ్చు. డప్పుల మోత, ఒక్కొక్కర్నే పిలవడం లాంటివి వీధిలో కథలు చెప్పేవాళ్ళు చేర్చిన మసాలా కావచ్చు.

ఆ గొడవ విని బహమనీ సుల్తాను ఏడు లక్షల వరహాలు కట్టమని కబురంపాడు. కోపమొచ్చిన రాజు దండనాయకుణ్ణి గుల్బర్గా వైపు దండెత్తమన్నాడు. దండనాయకుడు గెలిచి బందీలతో తిరిగొచ్చాడని అబ్దుర్ రజాక్ అంటాడు. ఒకటిన్నర శతాబ్దం దాటాక బీజాపూర్‌లో కూర్చుని రాసిన చరిత్రకారుడు ఫిరిష్తా చెప్పేదాన్ని బట్టి చూస్తే యుద్ధం చివరకు దేవరాయలు కప్పం కట్టేదాకా వచ్చింది. ఇక్కడ మతాన్ని బట్టి సాక్షుల్ని పంచితే బోల్తా పడతాం. ముస్లిం రాయబారి నోట వినిపిస్తున్నది విజయనగరం మాట. ఎందుకంటే ఆయన కూర్చున్న ఊరు అదీ, తింటున్న బియ్యం అక్కడివీ.

ఆ బియ్యానికే ఎసరొచ్చింది. దండనాయకుడు యుద్ధానికి వెళ్తూ తన చోట ఇంకొకణ్ణి పెట్టాడు. ఆ మనిషి పేరు ఫారసీ లిపిలో పడి నలిగిపోయి ఒక్కో అనువాదంలో ఒక్కోలా కనిపిస్తుంది. వస్తూనే అబ్దుర్ రజాక్ బత్తెం ఆపేశాడు. అంతవరకు మహా మర్యాదగా నడిచిన రాత ఇక్కడ కట్టలు తెంచుకుంటుంది. పొట్టివాడు, దుర్మార్గుడు, హీనజాతివాడు, నీచుడు, అడవిమనిషి అని వరసగా తిట్లు, లోకంలోని చెడ్డగుణాలన్నీ ఒక్కచోట చేరాయట. రోజుకు రెండు వరహాలు ఆగిపోతే ఒక పండితుడికి ఎంత ఒళ్ళు మండుతుందో తెలుసుకోవాలంటే ఈ పేజీ చదవాలి.

బత్తెం ఊరికే ఆగలేదు. హొర్ముజ్ వర్తకులు కొందరు ఊళ్ళో ఒక మాట పుట్టించారు. ఇతను షారుఖ్ పంపిన రాయబారే కాదు, వర్తకుడు, ఉత్తరం దొంగది అని. వాళ్ళకెందుకీ పని? ఆయన చెప్పడు. హెరాత్‌కూ విజయనగరానికీ నేరుగా దారి పడితే మధ్యలో గుర్రాల బేరం చేసుకునేవాళ్ళకు నష్టమేమో అనిపిస్తుంది నాకు. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ పుకారులో కొంత నిజం లేకపోలేదు. దొంగ కాకపోవచ్చు గానీ ఆయన రాయబారం కాలికట్‌కే, విజయనగరానికి కాదు. పుకారు సరిగ్గా అక్కడే గుచ్చుకుని ఉంటుంది.

దండనాయకుడు తిరిగొచ్చాక ఆ బదులు మనిషిని మందలించి, అబ్దుర్ రజాక్‌కు టంకశాల మీద 7,000 పణాలకు చీటీ రాయించాడు. అంటే 350 వరహాలు. ఆ మొత్తాన్ని మరచిపోకుండా పుస్తకంలో రాసుకున్నాడు. వీడ్కోలు వేళ రాజు కూడా దాచుకోకుండా చెప్పాడట, నువ్వు నిజంగా షారుఖ్ పంపినవాడివి కాదని అన్నారు, లేకపోతే ఇంకా బాగా చూసుకునేవాళ్ళం, ఈసారి వస్తే నీ స్థాయికి తగ్గట్టు జరుగుతుంది అని. పొగడ్తలన్నీ పక్కనపెట్టి ఈ ఒక్క మాట చాలు, రాసినవాడు ఏదీ కప్పిపుచ్చడం లేదని నమ్మడానికి. తన ప్రభువు వంశ చరిత్రలో, తనను దొంగ రాయబారి అన్నారని రాసుకోవడానికి ఎంత నిజాయితీ కావాలి? లేదా, హెరాత్‌లో అప్పటికే ఆ మాట పాకి ఉంటే, దానికి జవాబు చెప్పుకోవాల్సి వచ్చిందా? రెండూ కావచ్చు.

వెళ్ళేముందు చూసిన పండుగ సంగతి. మహానవమి అంటాడు. కవచాలు తొడిగి అంబారీలు కట్టిన వెయ్యి ఏనుగులు, అంతస్తుల మీద అంతస్తులుగా లేచిన మంటపాలు, వాటి మీద బొమ్మలు, మూడు రోజుల ఆటపాటలు. పొడుగాటి దూలానికి ఒక కొసన ఏనుగంత బరువైన రాయి కట్టి, రెండో కొసన పలక మీద ఏనుగును ఎక్కించారట. తులాదండంలా పైకీ కిందికీ ఊగుతూ, పాటకు తగ్గట్టు అది తొండం ఆడించిందట. అంతా బాగుంది గానీ తేదీ తేడాగా ఉంది. ఆయన చెప్పిన హిజ్రీ రజబ్ నెల ఆ ఏడు అక్టోబరు చివర్లో మొదలైంది. ఆశ్వయుజ శుద్ధ నవమి అక్టోబరు మొదట్లోనే అయిపోయింది. ఇంచుమించు మూడు వారాల తేడా. 1900లో విజయనగర చరిత్ర రాసిన రాబర్ట్ సూయల్ ఈ తిరకాసు పట్టుకుని, చూసింది కార్తీక పాడ్యమి పండుగేమో అన్నాడు. చూసిన పండుగ ఒకటి, విన్న పేరు ఒకటి, గుర్తున్న నెల ఇంకొకటి. ఇరవై ఏళ్ళు గడిచాక రాస్తే ఇలాగే కలిసిపోతాయి.

నిజంగానే అంత ఆలస్యంగా రాశాడు. 1443 చివర్లో విజయనగరం వదిలి, హొన్నావర్‌లో ఓడెక్కి, మళ్ళీ తుఫానులో చిక్కి, 1444లో హొర్ముజ్ చేరాడు. దేవరాయలు షారుఖ్‌కు ఉత్తరమిచ్చి వెంట ఇద్దర్ని పంపాడు. ఇద్దరూ హెరాత్ ఉన్న ఖురాసాన్ ప్రాంతం నుంచి వచ్చి విజయనగరంలో స్థిరపడినవాళ్ళే. వాళ్ళలో ఖ్వాజా మసూద్ దారిలోనే చనిపోయాడు. 1446లో దేవరాయలు, 1447లో షారుఖ్ పోయారు. రెండు కొలువుల మధ్య వేసిన దారి అక్కడితో సరి. అబ్దుర్ రజాక్ షారుఖ్ వారసుల దగ్గర ఒకరి తర్వాత ఒకరి కింద పనిచేశాడు. గద్దెల కోసం వాళ్ళు కొట్టుకుంటూ ఉంటే చూస్తూ బతికాడు. 1463లో హెరాత్‌లోని షారుఖ్ ఖాన్‌ఖాకు, అంటే సూఫీల మఠానికి, పెద్దయ్యాడు. అక్కడే తీరిగ్గా కూర్చుని 'మత్లా అస్ సాదైన్' రాశాడు. 1304 నుంచి 1470 దాకా నడిచే చరిత్ర అది. మొదటి భాగానికి ముందుతరం చరిత్రకారుల రాతలే ఆధారం. భారతదేశ ప్రయాణం మాత్రం అచ్చంగా తనది. అంత పెద్ద చరిత్రలో 'నేను' అన్న మాట చమట వాసనతో వినిపించేది ఆ పేజీల్లోనే. 1482లో చనిపోయాడు.

ఆ పేజీలను మిగతా పుస్తకం నుంచి విడదీసి, 19వ శతాబ్దంలో ముందు ఫ్రెంచిలోకి, 1857లో ఇంగ్లీషులోకి తెచ్చారు. మనకు అందింది ఆ విడదీసిన ముక్కే. అందుకే ఆయన యాత్రికుడైపోయాడు. ముందూ వెనకా ఉన్న షారుఖ్ వంశపు తగవులు, రాసినవాడి ఉద్యోగం, అన్నీ కత్తిరింపులో పోయాయి. స్కూలు పుస్తకానికి వచ్చేసరికి ఇంకా కత్తిరించి ఏడు ప్రాకారాలు, గులాబీలు, రత్నాలు మిగిల్చారు.

ఖాన్‌ఖాలో ఆ పుస్తకం రాసే నాటికి ఆయనకు యాభై దాటాయి. ఏలినవాళ్ళు పోయారు, చూసిన రాజు పోయాడు, వెంట వచ్చిన ఖ్వాజా మసూద్ సముద్రం పాలయ్యాడు. అయినా బత్తెం ఆపిన ఆ పొట్టి మనిషిని తిట్టే చోట మాత్రం కలం కొంచెమైనా మెత్తబడలేదు.